దొర కాళ్ళకింది తిరగళ్ళు

పూర్వం ఇంగ్లండులో, రాజు ఇచ్చిన ఊళ్ళను ఏలుకుంటూ, రైతుల నోటిదగ్గరి ముద్దలో కూడా తన వాటా వెతుక్కునే గిల్బర్ట్ అనే దొర ఉండేవాడు. ఏటి ఒడ్డున అతనికో నీటిమర ఉండేది. రైతులంతా గింజలు అక్కడే ఆడించి, పిండిలో దొర వాటా దొరకు ఇవ్వాలి. అది ఆనాటి కట్టుబాటు.

ఇళ్ళలో తిరగళ్ళుంటే మరకెవరు వస్తారు? అందుకని ఒకరోజు దొర భటులు ఇల్లిల్లూ జొరబడి తిరగళ్ళన్నీ ఎత్తుకుపోయారు. హిల్డా అనే రైతు స్త్రీకి ముసలితల్లి ఉండేది. ఆమెకు పళ్ళు లేవు. ఇంత పిండి విసిరి జావ కాస్తేనే ఆమె ప్రాణం నిలిచేది. హిల్డా కోటకు పరుగెత్తింది.

"దొరా! మా అమ్మ గొంతు దిగేది ఆ జావ ఒక్కటే. మా తిరగలి మాకిప్పించండి" అంది.

దొర పకపకా నవ్వాడు. "అవన్నీ నా సభలో నేలకు బండలుగా పరిపిస్తున్నాను. నీది నా కుర్చీకిందే వేయిస్తాలే!" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు! కాపాడవలసిన దొరే ఇలా చేస్తే, కంచే చేను మేసినట్టు కాదూ? గింజ పడవలసిన రాతి మీద జోళ్ళు పడవచ్చా? హిల్డా కడుపు మండిపోయింది. అప్పటినుంచి గుప్పెడు పిండికి కూడా ఆమె మర దగ్గర పొద్దుగూకేదాకా పడిగాపులు పడేది.

కొన్నేళ్ళకు పొరుగు దొర దండెత్తి వచ్చాడు. ఊళ్ళవాళ్ళంతా కోటలో తలదాచుకున్నారు. శత్రువులు నీటిమరను తగలబెట్టి, కోట చుట్టూ మకాం వేశారు. గాదెల్లో గోధుమలు నిండుగా ఉన్నాయి. పిండి మాత్రం చిటికెడు లేదు. అందరూ గోధుమలు గుగ్గిళ్ళు చేసుకు తిన్నారు. హిల్డా తల్లి అవి నమలలేక నీరసించిపోయింది. దొరకేమో దవడ వాచింది. అతనూ నమలలేడు. రెండు మూడు రోజులకే ఆకలికి కళ్ళు తిరిగాయి.

"ఏమే, నేల తవ్వి ఓ తిరగలి తీసి నాకింత జావ కాచి పెట్టు" అన్నాడు హిల్డాతో.

"పాతించింది మీరే కదా, మీరే లేచి మీ చేత్తో పెకలించండి. తిరగళ్ళన్నీ మా ఇళ్ళకు పంపుతానని అందరి ముందూ ఒట్టు పెట్టండి. తొలి జావ మా అమ్మకు!" అంది హిల్డా.

"నాకే ఆజ్ఞలా?" అని దొర గద్దించబోయాడు. దవడ సలిపి మాట సగంలోనే ఆగిపోయింది. చుట్టూ చూశాడు. భటులంతా కోటగోడల మీద కాపలాలో ఉన్నారు. సభలో తలదాచుకున్న ఆడవాళ్ళెవ్వరూ ఆ పనికి కదల్లేదు. దొర మెల్లగా లేచి, కుర్చీ పక్కకు జరిపి, గునపం పట్టుకుని మోకాళ్ళ మీద కూచున్నాడు. తిరగలి రాళ్ళు రెండూ పెకలేసరికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి.

"ఒట్టు" అన్నాడు.

హిల్డా తొలి జావ తల్లికి తాగించింది. మలి గిన్నె దొరకిచ్చింది. శత్రువులు విసిగి వెళ్ళిపోయాక తిరగళ్ళన్నీ ఇళ్ళకు చేరాయి. దొర సభలో గుంతలు మిగిలాయి.

ఎదుటివారి కూడు కాళ్ళకింద తొక్కినవాడు, ఏదో ఒకనాడు వాళ్ళ ముందే మోకరిల్లక తప్పదు.