కాకి ముట్టేదాకా

కామాక్షమ్మగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. విశాఖపట్నంలో మెదడు ఆపరేషన్లు చేసే ఆ పెద్ద డాక్టరమ్మ దగ్గర చదువుకున్నవాళ్లందరికీ అది అనుభవమే. అందుకే తెలివైన శిష్యులు అడగడమే మానేసేవారు. ధీరజ్‌కి మాత్రం నోరు ఊరుకోదు. ఒక ఉదయం వార్డు చూడటం అయ్యాక, చేతులు కడుక్కుంటున్న గురువుగారిని పట్టుకుని అడిగేశాడు.

"మేడమ్, మెదడులో తీగ పెట్టి, కరెంటు ఇచ్చి తాగుడు మాన్పిస్తున్నాం. నిజానికి మానింది మనిషా, మిషనా?"

ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "ఇవాళ వీరభద్రాచారి చెకప్‌కి వస్తాడు. అతని మిషను రికార్డు నువ్వే తీసి చూడు" అన్నారు. అంతే.

వీరభద్రాచారిది చోడవరం దగ్గర ఊరు. తలుపులు, గుమ్మాలు చేసే వడ్రంగి. చేతిలో పనితనం ఎంతుందో ఒంట్లో మందు అంతకు రెండింతలు ఉండేది. తాగుడు మాన్పించడానికి పదేళ్లలో మూడుచోట్ల చేర్పించారు, మూడుచోట్ల నుంచీ వచ్చి మళ్లీ తాగాడు. చివరికి ఒకనాడు తాగి బండి నడిపాడు. వెనకాల కూర్చున్న తమ్ముడు పోయాడు, ఇతనికి గీత కూడా పడలేదు. పెళ్లికాని తమ్ముడు, అమ్మానాన్నలు ముందే పోయారు. ఆ తర్వాత మూడు నెలలకు కామాక్షమ్మగారు ఈ కొత్త వైద్యంలో అతనికి చోటిచ్చారు. తలలో రెండు తీగలు, ఛాతీ చర్మం కింద అగ్గిపెట్టంత మిషను, చేతిలో ఓ రిమోట్. అయిదు నెలలయింది, చుక్క ముట్టలేదు.

ధీరజ్ రికార్డు తీశాడు. అయిదు నెలల్లో అయిదుసార్లు మిషను ఆగిపోయి ఉంది. చెడిపోయి ఆగడం కాదు, రిమోట్‌తో ఆపడం. ప్రతిసారీ మిట్టమధ్యాహ్నమే. ఒకసారి ఇరవై నిమిషాలు, ఒకసారి నలభై, ఒకసారి ఏకంగా రెండు గంటల పది నిమిషాలు.

"ఎందుకు ఆపావు?" అని అడిగాడు.

వీరభద్రాచారి తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాడు. "తప్పే బాబూ" అన్నాడు. ఇంకేం అడిగినా పలకలేదు.

ధీరజ్‌కి ఒళ్లు మండిపోయింది. ఎంతమందిని కాదని ఇతనికి చోటిచ్చారు, ఇతనేమో మిషనుకి సెలవిచ్చి తాగుతున్నాడు. సొంతంగా మిషను ఆపినవాళ్లను వైద్యం నుంచి తీసేయాలని నిబంధన ఉండనే ఉంది. తీసేస్తే మిషను పూర్తిగా ఆపేస్తారు. ఆపేస్తే ఈ మనిషి ఎన్నాళ్లు బతుకుతాడో ధీరజ్‌కీ తెలుసు. తెలిసే, తీసేయమని ఉత్తరం రాశాడు. సంతకం కోసం కామాక్షమ్మగారి బల్ల మీద పెట్టాడు.

ఆవిడ చదివారు. "రక్తపరీక్ష?"

"అందులో ఏమీ లేదు మేడమ్."

"నెల కిందట తాగినా పట్టిచ్చే పరీక్ష కదా అది?"

"అవును. అదే అంతుపట్టడం లేదు. ఆపిన తేదీలకు కూడా ఓ వరసంటూ లేదు. పద్దెనిమిది, పదిహేడు, పదహారు, తర్వాత రెండుసార్లు పధ్నాలుగు. వారాలు కూడా కలవడం లేదు."

కామాక్షమ్మగారు లేచి, గోడకున్న తెలుగు కేలండరు మేకు మీంచి తీసి అతని ముందు పెట్టారు. "అంకెలు కాదు, వాటి కింద చిన్న అక్షరాలు చదువు."

ధీరజ్ పుట్టి బుద్ధెరిగాక ఆ చిన్న అక్షరాలు చదివిన పాపాన పోలేదు. వేలు పెట్టి చదివాడు. బహుళ చవితి. పేజీ తిప్పాడు. బహుళ చవితి. అయిదు పేజీల్లోనూ అదే తిథి.

వీరభద్రాచారిని లోపలికి పిలిపించి, ఆవిడ కుర్చీ చూపించారు. "తమ్ముడు పోయిన తిథా?"

"అవునమ్మా. నెలనెలా మాసికం. ముద్ద చేసి గోడ మీద పెడతాను." ఛాతీ మీద మిషను ఉన్నచోట చెయ్యి వేసుకున్నాడు. "ఈ మిషను నడుస్తుంటే మందు గుర్తుకే రాదు. తమ్ముడు గుర్తొస్తాడు గానీ, ఏడుపు రాదు. చంపింది నేనే. ముద్ద పెట్టేటప్పుడైనా వాడి కోసం ఏడవాలి కదమ్మా. అందుకని ఆపుతాను. కాకి ముట్టగానే మళ్లీ వేసుకుంటాను."

"ఆపితే ఎలా ఉంటుంది?"

"ఏడుపు వస్తుంది. దాని వెనకే మందూ వస్తుంది. మా వీధి చివరే షాపు. చేతులు వణుకుతాయి. గోడ పట్టుకుని నిలబడతాను."

ధీరజ్ రికార్డు వైపు చూశాడు. రెండు గంటల పది నిమిషాలు. "ఆ రోజు..." అన్నాడు.

"ఆ రోజు కాకి రాలేదు బాబూ."

అప్పుడు ధీరజ్‌కి ఇంకోటి గుర్తొచ్చింది. నెలనెలా తను అడిగే ప్రశ్నల కాగితంలో ఏడో ప్రశ్న: ఏడుపు వస్తోందా? ఈ మనిషి ప్రతిసారీ అతని కళ్లలోకి చూసి, "రావడం లేదు బాబూ" అన్నాడు. తను ప్రతిసారీ సంతోషించి, ఎదురుగా "మెరుగు" అని టిక్కు పెట్టాడు. అయిదు నెలలు, అయిదు టిక్కులు. ఆ టిక్కులు పెట్టిన చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

వీరభద్రాచారి బయటికి వెళ్లాక ధీరజ్ ఉత్తరం వైపు చెయ్యి చాపి, "చింపేయమంటారా మేడమ్?" అన్నాడు.

కామాక్షమ్మగారు ఆ కాగితాన్ని బోర్లా తిప్పి, వెనక చోడవరం బస్సు వేళ రాసి అతని చేతిలో పెట్టారు.

"ఎల్లుండి బహుళ చవితి. వెళ్లి అతని పక్కన నిలబడు. కాకి ముట్టేదాకా కదలకు."