నాగారి అనే యాప్

అడిగినదానికి జవాబు చెప్పకుండా చెప్పులేసుకోవడం సోమయాజులుగారి అలవాటు. ఆయన లేస్తే వెంట నడవాలని శిష్యులందరికీ తెలుసు.

భార్గవ ఆయన దగ్గర ఐదేళ్లు వ్యాకరణం చదువుకుని, తరవాత హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడు. పాముకాటు మందు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉందో చూపే యాప్ ఒకటి సొంతంగా తయారుచేశాడు. పాములకు శత్రువైన గరుత్మంతుణ్ణి తలుచుకుని, నాగ, అరి అన్న మాటలు కలిపి దానికి ‘నాగారి’ అని పేరు పెట్టాడు. ఆ పేరు తట్టిన రోజు సంతోషంతో అన్నం కూడా సయించలేదు. కానీ ఎనిమిది నెలలైనా దాన్ని ఫోన్లో దించుకున్నవాళ్లు వందమంది లేరు. సెలవు పెట్టి కోనసీమకు వచ్చి, పేరులో దోషమేమిటని గురువుగారిని అడిగాడు.

సోమయాజులుగారు చెప్పులేసుకున్నారు.

కాలవ అవతల కొబ్బరితోటలో నూకరత్నం అనే ఆవిడ కలుపు తీస్తోంది. మొన్న భాద్రపదంలో ఆమె భర్తను పాము కరిచింది. ఆ సంగతి ఈ అబ్బాయికి చెప్పమన్నారు గురువుగారు. అప్పుడు ఫోనునేమని అడిగావని కూడా అడిగారు.

“నాకు చదువు రాదు కదండీ. మైకు బొమ్మ నొక్కి, పాము కరిచింది, మందెక్కడుంది అన్నానండి. నాలుగుసార్లు అన్నానండి.”

పాముల బొమ్మలు వచ్చాయట. ఏదో సినిమా పాట కూడా మోగిందట. ఆటోలో తీసుకెళ్లిన మొదటి ఆసుపత్రిలో మందు లేదు. రెండోదానికి చేరేసరికి పొద్దుగూకింది. మనిషి దక్కాడు గాని, పాదం తీసేశారు. అంతా చెప్పి ఆమె మళ్లీ కలుపుకు వంగింది.

భార్గవ మనసులో నెలలు లెక్కపెట్టుకున్నాడు. భాద్రపదం నాటికే నాగారి వచ్చి రెండు నెలలు. మందున్న ఆసుపత్రి ఒకటి ఈ తోటకు మూడు మైళ్లలోనే ఉన్నట్టు అందులో తానే రాసిపెట్టాడు. పక్కకు వెళ్లి తన ఫోను తీసి, యాప్‌లు దొరికేచోట మైకు నొక్కి, ఆమె అన్న మాటలే అన్నాడు. వచ్చిన జాబితా చివరిదాకా చూశాడు. నాగారి అందులో లేదు.

ఇద్దరూ తిరిగి కాలవగట్టు ఎక్కారు. భార్గవ, సంధి సరిగ్గానే కలిపాను కదా అని తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు.

“సంధిలో తప్పేమీ లేదు నాయనా,” అన్నారు సోమయాజులుగారు. “ఆవిడ పిలిచింది. నువ్వు పలకలేదు.”