నిలబడ్డ చోటు

ఒకప్పుడు నిప్పు కక్కి, ఇప్పుడు చలికి ముడుచుకుని పడుకున్న కొండ ఒకటుంది. దాని పేరు బుగ్గికొండ. కక్కినదంతా ఆ కొండ తన ఒంటిమీదే పోసుకుంది. బూడిద, బూడిద నిండా గులకరాళ్లు, గులకరాళ్ల నిండా చీమ దూరేంత బెజ్జాలు. ఆ తర్వాత ఎప్పటికో దేవదారు చెట్లు మొలిచి, ఆకు రాల్చి రాల్చి, ఆ బూడిద మీద నల్లటి దుప్పటి కప్పాయి.

ఎంత వాన పడినా ఆ వాలు మీద పిల్లకాలువ ఒకటి పారగా ఎవరూ చూడలేదు. పడిన నీరంతా ఎటు పోతుందో ఎవరికీ పట్టలేదు. పైన మాత్రం ఎప్పుడు చూసినా పొడిపొడిగానే ఉంటుంది. చలికాలం పొద్దున్నే అయితే ఇంకో తమాషా. గులకరాళ్లన్నీ సన్నటి మంచుసూదుల మీద లేచి, పెళ్లివారి బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంటాయి. ఎండ తగలగానే కూలబడతాయి.

ఆ వాలు మీద సూదమ్మ అనే ముళ్లపంది బొరియ తవ్వుకుంది. వేసవంతా తవ్వింది. మట్టి దూదిలా తేలిక, అయినా గోడ మాత్రం కూలదు. అలాంటి చోటు దొరికితే ఎవరు వదులుకుంటారు? లోపల పిల్లలున్నాయి, వాటి ముళ్లు ఇంకా మెత్తగానే ఉన్నాయి. మొదటి మంచు ఇవాళో రేపో అన్నట్టుంది.

సరిగ్గా అప్పుడే కింద ఏటిగట్టు నుంచి నేర్పయ్య అనే నక్క కొండెక్కి వచ్చాడు. అతనికి ఇల్లు కావాలి. తవ్వడం మాత్రం చేతకాదు, చేతనైనా చెయ్యడు. బొరియ చుట్టూ రెండుసార్లు తిరిగి, గుమ్మంలో తల పెట్టి వాసన చూసి, ఇది మా తాతగారి ఇల్లు అన్నాడు. మీ తాతకి ముళ్లుండేవా అని సూదమ్మ అడిగింది. నేర్పయ్య వెంటనే దారి మార్చాడు. దుప్పుల దగ్గరికి వెళ్లి, ఆ ముళ్లపంది తవ్వకం వల్ల కొండలో నీరంతా కారిపోయిందనీ, వేళ్లు ఎండిపోతున్నాయనీ, ఈ శీతకాలం గాలికి చెట్లన్నీ మీ నెత్తిమీదే పడతాయనీ చెప్పాడు. దుప్పులు కుందేళ్లకి చెప్పాయి. కుందేళ్లు ఉడుతకి చెప్పాయి. ఉడుత భయపడి పక్క చెట్టుకి మారింది. అదీ అదే వాలు మీద ఉందని కాసేపాగి గుర్తొచ్చి అక్కడే ఏడుస్తూ కూచుంది.

సాయంత్రానికల్లా పంచాయితీ. పెద్దమనిషి కంబళయ్య అనే ఎలుగుబంటి. ఆయనకి తీర్పు కంటే నిద్ర ముఖ్యం, మంచు దిగేలోపు ఈ గొడవ తేల్చేసి వసంతం దాకా పడుకోవాలి. ఓడినవాళ్లు ఇవాళే వాలు దిగి పోవాలని ముందే చెప్పేసి, ఒక బండమీద కూలబడి ఆవలించాడు.

సూదమ్మ మొదలుపెట్టింది. ఆమెకి తిరుగుతూ మాట్లాడడం అలవాటు. ప్రశ్న ఈ చెట్టు దగ్గర, దాని జవాబు ఆ పొద దగ్గర. గొంతూ పెద్దదే. సూదమ్మ అరిస్తే దాన్ని గోల అన్నారు. ఆ తర్వాత నేర్పయ్య అంతకంటే గట్టిగా అరిచాడు, దాన్ని వాదన అన్నారు. ఏ కొండమీదైనా ఇంతే లెండి.

నేర్పయ్య ఆమె నడకని గమనించి కంబళయ్య వైపు తిరిగాడు.

"తాతా, ఒక నియమం పెట్టుకుందాం. వాదించేవాళ్లు నిలబడ్డ చోటే నిలబడాలి. చోటు వదిలినవాళ్లు ఓడినట్టు. మాటమీద నిలబడేవాళ్లకి చోటుమీద నిలబడడం ఎంతపని."

అటూ ఇటూ చూసి చూసి మెడ నొప్పి పుట్టిన కంబళయ్య అప్పటికప్పుడు ఒప్పేసుకున్నాడు. సూదమ్మ ఒక పెద్ద దేవదారు వేళ్ల సందున నిలబడింది. నేర్పయ్య మాత్రం అందరికీ బాగా కనపడాలని బొరియకి దిగువన చెట్టూ పుట్టా లేని బోడి వాలు ఎంచుకున్నాడు. ఆ వాలు నేరుగా కింద చెరువులోకి దిగుతుంది. తోక సర్దుకుని, ముందొక గుప్పెడు మట్టి తీసి గాల్లోకి విసిరాడు. గాలి దాన్ని ఎత్తుకుపోయింది.

"చూశారుగా, ఇది మట్టి కాదు, పిండి. ఏటిగట్టున పుట్టి పెరిగినవాణ్ణి, నాకు చెప్పకండి. గులక ఉన్నచోట నీరు నిలవదు."

మాట ముగించి కాలు నేలకేసి తాటించాడు. టప్ మంది. వాక్యం చివర చుక్క పెట్టినట్టు, ప్రతి మాట చివరా కాలు తాటించడం అతని అలవాటు.

"నీరు నిలవనిచోట వేరు బతకదు." టప్. "ఉన్న కాస్త నీరూ ఈ అక్కయ్యగారి కన్నంలోంచి కారిపోయింది." టప్.

దుప్పులు తలలెత్తి చెట్లవంక చూశాయి. సూదమ్మ ముళ్లు గలగలమన్నాయి. నీళ్లే లేకపోతే చలికాలం పొద్దున్నే రాళ్లకింద మంచుసూదులు ఎక్కణ్ణుంచి మొలుస్తాయని అడిగింది. ఆకాశంలోంచి పడే మంచుకి నేలని పొగడక్కర్లేదని నేర్పయ్య నవ్వాడు. కుందేళ్లూ నవ్వాయి. ఎందుకు నవ్వాయో వాటికే తెలియదు.

"సూదక్కా, ఈ పొడిలో నీళ్లున్నాయనడమంటే ఈ కొండ రాళ్లు చెరువులో తేలతాయనడమే. రాయి తేలిననాడు నేను చెప్పిందంతా అబద్ధమని నా నోటితో నేనే ఒప్పుకుంటా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉడుత ఏదో చెప్పబోయింది. సూదమ్మ ఒక్క చూపుతో దాని నోరు మూయించింది. ఎందుకంటే, నేర్పయ్య ఈసారి కాలు తాటించినప్పుడు టప్ మనలేదు. చప్ మంది.

ఆ చప్పుడు సూదమ్మకి బాగా తెలుసు. నిరుడు తోడికోడలితో పోట్లాడుతూ, కోపం పట్టలేక ఉన్నచోటే కాళ్లు తెగ తాటించింది. మొదట దుమ్ము లేచింది, తర్వాత చప్ మంది, ఆ తర్వాత తను ఎక్కడో దిగువన ముళ్లపొదలో తేలింది. ముళ్లపంది ముళ్లపొదలో ఇరుక్కుంటే లాగేవాళ్లకి ఎంత కష్టమో, లాగింది ఆ తోడికోడలే కాబట్టి ఇప్పటికీ చెబుతూ ఉంటుంది.

సూదమ్మ గొంతు ఒక్కసారిగా తేనె అయిపోయింది.

"మళ్లీ చెప్పు తమ్ముడూ. నా ముళ్ల చప్పుడులో సరిగ్గా వినపడలేదు."

నేర్పయ్యకి అంతకంటే ఏం కావాలి? మొదట్నించీ మొత్తం చెప్పాడు, చుక్కలతో సహా. చప్. చప్. ఆ చప్పుడు చప్పట్లనుకున్నాడు. అనుకుని ఇంకా ఉషారెక్కాడు. మీ తాతగారు లోపల ఏ వైపు తల పెట్టుకుని పడుకునేవారని సూదమ్మ అడిగితే తూర్పు అని చప్, కాదు పడమర అని చప్. ఆయన పేరేమిటంటే పెద్ద నేర్పయ్య అని చప్. కాళ్లు తడిగా, చల్లగా తగులుతున్నాయి. కొండమీద చలి ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాడు.

ఇంతలో బొరియలోంచి ఒక పిల్ల బయటికొచ్చింది. గుమ్మంలో కూచుని, చలికి వణుకుతూ అమ్మకోసం ఏడుపు లంకించుకుంది. సూదమ్మ ముందు కాలు దానంతటదే లేచింది.

నేర్పయ్య మాట ఆపి ఆ కాలువంకే చూశాడు. "పాపం, వెళ్లి ఎత్తుకో అక్కా. ఎవరు కాదన్నారు."

కాలు గాల్లోనే ఆగింది. వెళితే ఇవాళ ఈ ఏడుపు ఆగుతుంది. కానీ రేపట్నించి పిల్లలన్నీ మంచులో ఏడవాలి. సూదమ్మ కాలుని తిరిగి వేళ్ల సందునే మెల్లగా ఆనించింది.

"లోపలికి పో కన్నా," అంది. "నక్క మామయ్య గంతులేస్తాట్ట. అక్కణ్ణుంచే చూడు."

పిల్ల ఏడుపు ఆపి గుమ్మంలోంచి ముక్కు ఒక్కటే బయటపెట్టింది. సూదమ్మ నేర్పయ్య వైపు తిరిగింది.

"తమ్ముడూ, ఆఖరి ప్రశ్న. ఈ నేల పొడినేల, ఇందులో చుక్క నీరు లేదు. ఈ మాటమీద నిలబడతావా, జారుకుంటావా?"

"నిలబడతా," అని నేర్పయ్య నాలుగు కాళ్లూ కూడగట్టుకుని, చిన్న పిల్లకి చూపించడానికి కూడా పనికొస్తుందని ఎత్తుగా ఎగిరి, ఆ చోటనే దూకాడు.

నేల ఒక్కసారి గడ్డపెరుగులా వణికింది. ఆ తర్వాత గిన్నె వంచినట్టు జారడం మొదలుపెట్టింది.

నేర్పయ్య పడలేదు. అదే విచిత్రం. తోక ఎత్తి, ఛాతీ విరిచి, మాట్లాడుతున్న భంగిమలోనే కిందికి సాగిపోయాడు, ఉత్సవ విగ్రహంలాగా. చుట్టూ గులకరాళ్లు గలగలా మేళం పట్టాయి. దుప్పులు పక్కకి తప్పుకుని దారిచ్చాయి.

"నేను కదల్లేదు," అని అరిచాడు. "నేలే కదులుతోంది. నా కాళ్లు నా చోటే ఉన్నాయి, చూసుకోండి."

కంబళయ్యకి నిద్ర మొత్తం వదిలిపోయింది. బండమీద నుంచి వంగి, చాలా శ్రద్ధగా చూశాడు. నిజమే, కాళ్లు చోటు వదల్లేదు. చోటే కాళ్లని వెంటబెట్టుకుని పోతోంది.

"నియమం ప్రకారం నేను ఇంకా ఓడ..." అన్న మాట సగంలో ఉండగా చెరువు వచ్చింది.

గుభుల్లుమంది. కాసేపటికి నీళ్లమీద ఒక తల తేలింది. దాని చుట్టూ, అతనితోపాటు జారిపడ్డ కొండరాళ్లు ఒక్కొక్కటే పైకి లేచి, ముక్కుకి తగిలి, చెవికి తగిలి, బుడుంగు బుడుంగుమని తేలడం మొదలుపెట్టాయి. నేర్పయ్య ఒక రాయిని కాలితో ముంచాడు. అది మళ్లీ లేచింది. ఇంకోసారి ముంచాడు. ఇంకోసారి లేచింది. ఉడుత ఇందాకట్నించీ నోట్లో ఆపుకున్న మాట అప్పుడు బయటపెట్టింది. ఈ రాళ్లు ఎప్పుడూ ఇంతేనట, వాటినిండా గాలేనట.

తల ఒకటే బయటపెట్టి, తను చెప్పింది అబద్ధమేనని నేర్పయ్య ఒప్పుకున్నాడు. ఓడినట్టు మాత్రం ఒప్పుకోలేదు. నియమం నియమమే, తను చోటు వదల్లేదు కాబట్టి తీర్పు చెప్పాల్సిందేనన్నాడు.

కంబళయ్య గొంతు సవరించుకున్నాడు.

"నక్క చెప్పింది న్యాయమే. అతను నిలబడ్డ చోటు అతనిదే, అందులో ఎవరికీ వాటా లేదు. ఆ చోటు ఇప్పుడు చెరువు అడుగున ఉంది. అక్కడే ఉండమనండి."

ఆ నవ్వులకి చెట్లు ఊగాయే తప్ప ఒక్కటీ పడలేదు. దుప్పులు జాగ్రత్తగా అడుగులేస్తూ వెళ్లి సూదమ్మని అడిగాయి, అంత నీరు అంత పొడినేలలో ఎక్కడ దాగిందని. ఈ బూడిద ప్రతి రేణువూ నీళ్లు తాగి నోరు మూసుకుని కూచుంటుందనీ, అడిగితే ఇవ్వదు గానీ పదేపదే తొక్కితే కక్కేస్తుందనీ, దాని మానాన దాన్ని వదిలేస్తే మళ్లీ బిగుసుకుంటుందనీ సూదమ్మ చెప్పింది. నిలబడి చెప్పలేదు. ఈ చెట్టు దగ్గర మొదలుపెట్టి, పిల్లని ఎత్తుకుని, ఆ పొద దగ్గర ముగించింది. ఈసారి దాన్ని ఎవరూ గోల అనలేదు.

మొదటి మంచు ఆ రాత్రే పడింది. బొరియలో అందరూ వెచ్చగా పడుకున్నారు.

గొంతు ఎంతైనా పెంచండి, పరవాలేదు. కాలికింద ఏముందో తెలియకుండా కాలు మాత్రం తాటించకండి.