రెండోసారి వంగాల్సిన చోటు

ఇన్నేళ్ళుగా నమ్ముకున్న గురువే తనను గుమాస్తాను చేశాడని చెన్నకేశవులికి కడుపు మండిపోయింది.

మండదా మరి! మార్కాపురంలో పాత పలకల కార్ఖానా మీద ఉన్న గదిలో, మస్తాన్ వలీ సారు పక్కన కూర్చుని అతను నేర్చుకున్నది అల్లాటప్పా విద్య కాదు. సారు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. 'జల్లెడ' అని ఒక సాధనం తయారుచేసి లోకానికి వదిలేశారు. ఎవరు రాసిన కంప్యూటర్ ప్రోగ్రామయినా సరే, అందులో పోస్తే చాలు. ఇది పేరు, ఇది అంకె, ఇది ఆజ్ఞ అని ముక్కముక్కా విడదీసి, వరసగా పేర్చి చేతికిస్తుంది. ఓపెన్ సోర్స్ కాబట్టి పైసా ఇవ్వక్కర్లేదు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, తలా ఒక చెయ్యి వేసి బాగుచేయొచ్చు. ముక్కూ మొహం తెలియని దేశాల వాళ్ళు కూడా వాడుతున్నారు. దాని గుండెకాయలాంటి భాగాన్ని ఈమధ్య విప్పి కొత్తగా రాసింది మన కేశవులే. అంతకుముందు నత్తలా నడిచేది, ఇప్పుడు పరుగులు పెడుతోంది.

సారుకి చూపు మందగిస్తోంది. తెర మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయని పైకే అంటున్నారు. జల్లెడని ఎవరో ఒకరి చేతిలో పెట్టక తప్పదు. పెడితే నా చేతిలోనే పెట్టాలి అనుకున్నాడు కేశవులు. ఆ ఆశతోనే హైదరాబాదులో వచ్చిన ఉద్యోగానికి కూడా ఏదో సాకు చెప్పి ఇక్కడే ఉండిపోయాడు.

అలాంటిది ఒక ఉదయం సారు పిలిచి, "కేశవులూ, మన జల్లెడకి డాక్యుమెంటేషన్ లేదు. కొత్తగా వచ్చేవాళ్ళు దాన్ని ఎలా వాడుకోవాలో రాసిపెట్టు నాయనా," అన్నారు.

"నేనా సార్?"

"నువ్వే."

"అది ఎవరైనా రాస్తారు సార్. నేను కోడు రాసుకుంటాను."

"ఎవరైనా రాసేదయితే ఈపాటికి ఎవరో ఒకరు రాసుండేవాళ్ళుగా," అంటూ సారు టీ గ్లాసు అందుకున్నారు. "ముందు అది రాయి. తాళాల సంగతి తర్వాత చూద్దాం."

తాళాలంటే బీరువా తాళాలు కాదులెండి. జల్లెడలో ఏ మార్పు ఉంచాలో ఏది తీసెయ్యాలో తేల్చే అధికారం. ఆ మాట చెవిన పడేసరికి కేశవులు రాయడానికి ఒప్పుకున్నాడు.

రాశాడు. ఎలా రాశాడనుకున్నారు! లోపలి మరలన్నీ బొమ్మలు గీసి మరీ చూపించాడు. ఈ పద్ధతే ఎందుకు, ఆ పద్ధతి ఎందుకు కాదు అని వాదించాడు. తను రాసిన కొత్త భాగం గురించి అయితే ఒక అధ్యాయమే నడిచింది. సారు చదవలేరు కాబట్టి ఆయన ముందు కూర్చుని మొత్తం చదివి వినిపించాడు. సారు కళ్ళు మూసుకుని, మధ్యలో ఒక్క మాట అడ్డం రాకుండా విన్నారు.

"చాలా బాగుంది. నువ్వెంత తెలివైనవాడివో ఇది విన్న ఎవరికైనా తెలిసిపోతుంది."

కేశవులు మొహం వెలిగిపోయింది.

"జల్లెడ ఎలా వాడాలో మాత్రం తెలియలేదు," అన్నారు సారు.

అతని మొహం మాడిపోయింది. "ఇందులో లేనిదేముంది సార్? చెప్పండి, రాస్తాను."

"తెలిస్తే నేనే రాసేవాణ్ణిగా నాయనా. నేనూ లోపలివాణ్ణేగా!" అని సారు గట్టిగా నవ్వారు. ఆ నవ్వు కేశవులికి అస్సలు రుచించలేదు. రెండు మూడు రోజులు ముభావంగా తిరిగాడు. అడిగితే జవాబు, లేకపోతే లేదు. ముసలాయనకి తాళాలివ్వడం ఇష్టం లేక ఏదో వంక పెడుతున్నాడని కూడా అనుకున్నాడు, పాపం.

ఇక్కడ ఆ గది గుమ్మం సంగతి చెప్పాలి. అది బాగా పొట్టిది. ఎవరైనా కొత్తవాళ్ళు మెట్లెక్కి వస్తుంటే సారు లోపల్నుంచే "తల! తల!" అని అరిచేవారు. ఎప్పుడూ రెండుసార్లే. అది ఆయన అలవాటనుకునేవాడు కేశవులు.

ఆ రోజు సారు మధ్యాహ్నం నమాజుకి మసీదుకి వెళ్ళారు. గదిలో కేశవులొక్కడే ఉన్నాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. భుజాన లాప్‌టాప్ సంచీతో ఒకామె పైకి వస్తోంది.

"తల జాగ్రత్తండీ!" అన్నాడు కేశవులు, తెర మీద నుంచి చూపు తిప్పకుండానే.

ఆమె బుద్ధిగా వంగింది. గుమ్మం దాటింది. వెంటనే 'ఠప్' మని చప్పుడు. చూసేసరికి ఆమె తల పట్టుకుని అక్కడే కూలబడిపోయింది.

"చెప్పాను కదండీ!" అన్నాడు కేశవులు కంగారుగా లేచి.

"వంగాను కదండీ!" అందామె. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ సమయానికే సారు నమాజు నుంచి తిరిగివచ్చారు. రెండుసార్లు వంగి లోపలికొచ్చి, కుండలో నీళ్ళతో తువ్వాలు తడిపి ఆమె చేతికిచ్చారు.

"ఎవరమ్మా నువ్వు? ఎక్కడి నుంచి వచ్చావు?"

"నా పేరు హైమావతి సార్. గిద్దలూరు అవతల ఒక పల్లెటూరి హైస్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మా పిల్లలు చిన్న చిన్న ప్రోగ్రాములు రాస్తారు సార్. తప్పు దొర్లితే తెర మీద ఇంగ్లీషులో ఎర్రగా ఏదేదో వస్తుంది. దాన్ని చూసి బెదిరిపోయి లేచిపోతున్నారు. మళ్ళీ కూర్చోమంటే కూర్చోరు. మీ జల్లెడతో ఆ ప్రోగ్రాం విడదీసి, ఫలానా వరసలో ఫలానా తప్పుందని తెలుగులో చెప్పిద్దామని నా ఆశ. నా వల్ల కావడం లేదు సార్. జల్లెడ వాళ్ళ పేజీలో అడిగాను. కోడు చదువుకోండి, అంతా అందులోనే ఉంది అన్నారెవరో." ఆమె తువ్వాలు నెత్తికి అదుముకుంది. "ఇవాళ ఇక్కడ కూడా కాకపోతే వదిలేద్దామనే బస్సెక్కాను."

ఆ జవాబు రాసింది ఎవరో వేరే చెప్పాలా? కేశవులు తల దించుకున్నాడు. సారుకీ తెలుసు. కానీ ఆయన అతని వైపు చూడను కూడా చూడలేదు. అల్మారాలోంచి ఒక బలపం తీసి అతని చేతిలో పెట్టారు.

"టీచరమ్మకి తల ఎక్కడ తగిలిందో అక్కడ ఒక గీత గియ్యి."

ఇదేం పరీక్షరా దేవుడా అనుకుంటూ కేశవులు గుమ్మం దగ్గరికెళ్ళి, పై కమ్మీ మధ్యలో లావుపాటి గీత గీశాడు. "ఇదిగో సార్."

"అక్కడ కాదండీ," అంది హైమావతి. "అక్కడ వంగాను. దాటేశాను కదా, హమ్మయ్య అని తల ఎత్తాను చూడండి, అప్పుడు తగిలింది. అదిగో, ఆ దూలం."

కేశవులు తలెత్తి చూశాడు. గుమ్మానికి లోపలి పక్కన, అడుగు దూరంలో, అడ్డంగా ఒక పాత దూలం ఉంది. ఒకచోట నల్లగా, నున్నగా మెరుస్తోంది. ఎంతమంది తలనూనె పట్టిందో అక్కడ! ఇన్నేళ్ళుగా రోజూ, తెలియకుండానే వంగి, దాని కిందనుంచే నడుస్తున్నాడు. ఉందన్న సంగతే మరిచిపోయాడు.

"ఇది నాకెప్పుడూ తగల్లేదే సార్..." అన్నాడు.

"ఇప్పుడు తగలదు," అన్నారు సారు. అతని చేతిలో బలపం తీసుకుని హైమావతికిచ్చారు. ఆమె చెయ్యెత్తి దూలం మీద గీత గీసింది.

కేశవులు వచ్చి ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "టీచర్ గారూ, ఎక్కడ ఆగిపోయారో ఒకసారి చూపిస్తారా?"

ఆమె లాప్‌టాప్ తెరిచింది. "ఇదిగోండి. జల్లెడలో ఏం పోసినా మొదటి ముక్క ఖాళీగా వస్తోంది. నేనే ఏదో పాడుచేశాననుకుని మొత్తం తీసేసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఖాళీయే. ఎన్నిసార్లు చేశానో!"

'ఓస్, ఇంతేనా' అన్న మాట కేశవులు నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

గుర్తొచ్చింది. ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే, కొత్తగా వచ్చినప్పుడు తనకీ ఇదే ఖాళీ ముక్క వచ్చింది. తనూ ఇలాగే మళ్ళీ మళ్ళీ చేశాడు. ఇది మనవల్ల అయ్యే పని కాదని, ఎవరికీ చెప్పకుండా సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగాడు. వెళ్ళే తొందరలో ఈ దూలమే నెత్తిన కొట్టింది కూడా. చివరి మెట్టు మీద బొప్పి తడుముకుంటూ కూర్చుంటే, సారు మోకాళ్ళు పట్టుకుంటూ దిగివచ్చి పక్కన కూర్చున్నారు. అప్పుడాయన చెప్పింది ఒక్క ముక్కే. ఆ ఒక్క ముక్క చెప్పకపోయుంటే తను ఈపాటికి ఎక్కడుండేవాడో! తను రాసిన అంత పెద్ద డాక్యుమెంటేషన్‌లో, అన్ని బొమ్మల మధ్య, ఆ మాట లేదు.

ఇప్పుడు అదే మాట అతని నోటివెంట వచ్చింది.

"అది ఖాళీగానే వస్తుందండీ. మొదలు ఇక్కడ అని చెప్పే గుర్తు అది. మీరేం పాడుచెయ్యలేదు. దాన్ని వదిలేసి రెండోదాని నుంచి మొదలుపెట్టండి."

"అంతేనా?"

"అంతేనండీ. చెప్పకపోవడం మాదే తప్పు. ఆ జవాబు రాసింది నేనే. క్షమించండి."

హైమావతి అతన్ని ఒకసారి ఎగాదిగా చూసి, లాప్‌టాప్ దగ్గరికి జరుపుకుంది. కాసేపటికి, ఏ పిల్లాడో తప్పులతో రాసిన ప్రోగ్రాం కింద తెలుగు అక్షరాలు వచ్చాయి. 'మూడో వరసలో బ్రాకెట్టు మూయడం మర్చిపోయావు.'

"వచ్చింది సార్! వచ్చేసింది!" అని ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తువ్వాలు కిందపడినా చూసుకోలేదు. సారు తెరకి ముక్కు ఆనించి, ఆ వాక్యాన్ని కూడబలుక్కుని చదివి, "ఇదమ్మా, దీనికోసమే చేశాను దీన్ని," అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

కేశవులు తన పాత రాతని చివరి పేజీలకి తోసేశాడు. ఖాళీ చేసుకున్న మొదటి పేజీలో, మొదటి ముక్క ఖాళీగా వస్తుందని, మీరేం పాడుచెయ్యలేదని, రెండోదాని నుంచి మొదలుపెట్టమని రాశాడు. రాసి ఆమె వైపు తిరిగాడు.

"దాని తర్వాత ఎక్కడ తగిలింది టీచర్ గారూ?"

ఆమె చెబుతూ పోయింది. అతను రాస్తూ పోయాడు. కొన్నిచోట్ల సిగ్గనిపించింది, కొన్నిచోట్ల నవ్వొచ్చింది. ఇంత చిన్నవాటికి ఇంతమంది వెనక్కి పోయుంటారా అని దిగులు కూడా వేసింది. ఆమె బస్సు వేళయ్యేసరికి నాలుగు మాటల్లో అర్థమయ్యే పేజీ ఒకటి తయారైంది. కింద రాసినవారు అన్నచోట హైమావతి పేరు పెట్టాడు.

"అయ్యో, నాకేం తెలుసనండీ!" అందామె.

"అందుకేనండీ," అన్నాడు కేశవులు.

ఆమె వెళ్ళాక ఆ పేజీ సారుకి చదివి వినిపించాడు. ఈసారి చదవడం చిటికెలో అయిపోయింది. సారు కుర్చీ జరుపుకుని, అక్షరాలు వెతుక్కుంటూ వెతుక్కుంటూ కీబోర్డు మీద ఏదో కొట్టి, లేచి నిలబడ్డారు.

"జల్లెడ ఇక నీది నాయనా. తాళాలు ఇచ్చేశాను."

కేశవులు వంగి ఆయన పాదాలు తాకబోతే భుజం పట్టుకుని ఆపారు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట. విన్నాక గంతులేస్తాననుకున్నాడు. తీరా వింటే నోట్లోంచి ప్రశ్నే వచ్చింది.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి సార్?"

"తగిలినవాళ్ళని అడుగుతూ ఉండు," అన్నారు సారు.

మర్నాడు కేశవులు కింది కార్ఖానాలోంచి ఒక పలక తెచ్చి, 'ఇక్కడ మళ్ళీ వంగండి' అని రాసి, హైమావతి గీసిన గీత దగ్గర దూలానికి కట్టాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా గుమ్మం దగ్గర ఒకసారి, పలక దగ్గర ఒకసారి వంగి, దర్జాగా వచ్చి కూర్చుని తమ పని మాట్లాడుకుని వెళ్ళేవారు. సారుకి అరవాల్సిన పని తప్పింది. కేశవులికి మాత్రం ఎక్కడో కాస్త వెలితి.

"ఒక్కళ్ళయినా ఆ పలక గురించి మాట అనలేదు సార్," అన్నాడొకరోజు.

"తగిలితే అనేవాళ్ళు," అన్నారు సారు.

ఆ సాయంత్రం కేశవులు అమ్మని చూడ్డానికి ఊరికి బయల్దేరి బస్టాండుకొచ్చాడు. చిన్నప్పటి నుంచి నిలబడే చోటే నిలబడ్డాడు. వెనక గోడ మీద 'ఒంగోలు బస్సులు ఇక్కడ ఆగును' అని నీలం రంగులో రాసి ఉంది. రంగు సగం వెలిసింది. చివరి అక్షరాలకి చోటు చాలక ఇరుకిరుగ్గా రాశాడు ఆ మనిషెవరో. చిన్నప్పటి నుంచి ఆ రాతని నమ్మే ఇక్కడ నిలబడుతున్నా, రాసినవాణ్ణి ఒక్కసారీ తలుచుకోలేదని కేశవులికి ఇప్పుడు తట్టింది. తనకి తెలియకుండానే చేతులు జోడించాడు.

పక్కనే పూలబుట్టతో కూర్చున్న అవ్వ అతన్ని వింతగా చూసింది.

"ఏంది నాయనా, గోడకి దణ్ణం పెడతన్నావు? అక్కడ దేవుడి పటం కూడా లేదే!"

కేశవులు నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, బస్సు రాగానే ఆమె బుట్ట అందుకుని పైకి ఎక్కించి, "తల జాగ్రత్త అవ్వా," అన్నాడు. ఆమె మెట్టెక్కి లోపలికి వెళ్ళేదాకా ఆగి, ఇంకోసారి అన్నాడు.