చెంగడి నడుముకు తాడు

అనగనగా ఒక అడవిలో, ఏటా వరదకు మునిగిపోయే ఏటి ఒడ్డున, గంగులు అనే ఎలుగుబంటి ఎత్తయిన మిద్దె కడుతున్నాడు. వానల్లోగా అది పూర్తయితే పిల్లజంతువులన్నీ అందులో తలదాచుకోవచ్చు. గంగులు మేస్త్రీ. గోడ పక్కన వెదుళ్లతో కట్టిన పరంజా ఎక్కి పనిచేసేవి అయిదు కోతులు. వాటిలో చెంగడు మహా హుషారు.

పరంజా ఎక్కేవాళ్లు నడుముకు తాడు కట్టుకుని, రెండో కొసను పక్కనున్న మద్దిచెట్టుకు ముడెయ్యాలన్నది అడవికి రాజైన సింహం పెట్టిన నిబంధన. అది చూడ్డానికి వడ్రంగిపిట్ట పోలమ్మ రోజూ పొద్దున్నే వచ్చేది.

మొదటిరోజు పోలమ్మ వెదుళ్లన్నీ ముక్కుతో టకటకా కొట్టి చూసింది. తాళ్లు చూసింది. "బాగుంది" అని ఎగిరిపోయింది.

అది అటు వెళ్లిందో లేదో, "ఇక విప్పండర్రా! ముడులేసుకుంటూ కూర్చుంటే మిద్దె లేచినట్టే!" అన్నాడు గంగులు.

"అయినా కోతికి తాడేంటి మేస్త్రీ? నలుగురూ నవ్విపోరూ!" అంటూ చెంగడు తాడు విసిరేశాడు.

రెండోరోజూ అదే తంతు. పిట్ట రాగానే కట్టడం, వెళ్లగానే విప్పడం.

మూడోరోజు సన్నగా తుంపర పడుతోంది. పోలమ్మ చెంగడి తాడును పరకాయించి చూసింది.

"ఏం మేస్త్రీ, మూడు రోజుల్నించి వాడుతున్న తాడు ఎక్కడా నలగలేదేం?"

పని ఆపించేస్తుందేమోనని గంగులు భయపడ్డాడు. పోలమ్మ తిట్టలేదు.

"నాకోసం కట్టుకుంటున్నారా నాయనా? నేను జారితే నాకు రెక్కలున్నాయి" అని ఎగిరిపోయింది.

చెంగడి చెయ్యి అప్పుడే ముడి మీదకు పోయింది. "విప్పెయ్యమంటారా మేస్త్రీ?"

గంగులు ఊ అనబోయి తలెత్తి చూశాడు. పైన అయిదు కోతులు. ఒక్కదానికీ రెక్కల్లేవు. పొద్దున చెంగడికి పళ్లమూట ఇచ్చి వెళ్లిన వాడి పెళ్లాం గుర్తొచ్చింది.

"వద్దురా. ఆలస్యమైతే అయింది. ఉండనీ" అన్నాడు.

మధ్యాహ్నం తడిసిన వెదురు మీద చెంగడి కాలు జారింది. అలవాటుకొద్దీ పక్కకొమ్మ కోసం చెయ్యి చాచాడు. చెట్టు మీదైతే ఏదో ఒక కొమ్మ అందేది. మిద్దెకు కొమ్మలెక్కడివి? కింద అన్నీ బండరాళ్లు! గంగులు గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

ఎంతసేపటికీ పడిన చప్పుడు లేదు.

"మేస్త్రీ! ముందు నన్ను దించండి, నడుం పట్టేసింది!"

కళ్లు తెరిస్తే చెంగడు తాడుకు సొరకాయలా వేలాడుతున్నాడు. గంగులు హమ్మయ్య అని అక్కడే కూలబడ్డాడు. నవ్వాడు, ఏడ్చాడు, మళ్లీ నవ్వాడు.

మర్నాడు పోలమ్మ వచ్చేసరికే తాళ్లన్నీ బిగించి ఉన్నాయి. కింద నిలబడ్డ గంగులు నడుముకూ ఒకటుంది.

"నువ్వు పైకెక్కవు కదా మేస్త్రీ, నీకెందుకు?"

"ఉండనీ పోలమ్మా. నిన్నటి నుంచి కాళ్ల వణుకు తగ్గలేదు."

ముడులకు రోజూ కొంత పొద్దు పట్టినా, వానలకంటే ముందే మిద్దె లేచింది. ఆ సాయంత్రం అయిదు కోతులూ క్షేమంగా ఇళ్లకు చేరాయి.

నీతి: తనిఖీకి వచ్చినవాళ్లు చూసి వెళ్లిపోతారు, ప్రాణం మాత్రం మనది, ఎవరూ చూడనప్పుడు కూడా జాగ్రత్త పాటించాలి.