తొండ ఊ కొట్టింది

ఒకప్పుడు తొండకి గొంతు ఉండేది. అలాంటి ఇలాంటి గొంతు కాదు. వాగు అవతల మేకలు కాసేవాళ్ళు కూడా "తొండ అరుస్తోంది, ఇక లేవండర్రా" అనుకునేంత గొంతు. మెడ కింద చర్మం మాత్రం మిగతా ఒళ్ళులాగే మట్టిరంగులో ఉండేది. తల ఊపడమంటే ఏమిటో దానికి తెలీదు. తల ఊపేది వినేవాళ్ళు కదా. తొండ ఏనాడు వింది గనక?

ఆ రోజుల్లో, మనకి ఉన్నట్టే, చిన్న చిన్న జీవాలకి కూడా ఇంటిపేర్లు ఉండేవి. పేరులో మొదటి అక్షరమే ఇంటిపేరు. చీమ, చిలుక, చుంచెలుక 'చ' వారు. కప్ప, కాకి, కుందేలు 'క' వారు. ఇంటిపేరు ఒకటైతే చాలు, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అయిపోయినట్టే. ఆపద వస్తే ఆ ఇంటివాళ్ళే ఆదుకోవాలి. పక్కింటివాళ్ళు పలకరించి పోతారు, అంతే.

మన తొండ 'త' వారి బిడ్డ. వాగు మధ్యలో ఉన్న ఇసుకదిబ్బ మీద దాని కాపురం. తోడుగా అక్క తేలు, చెల్లి తూనీగ. దిబ్బని ఆనుకుని నీళ్ళలో వీళ్ళందరికీ తాత, ముసలి తాబేలు ఉండేది.

తాబేలు తాత కథలు చెప్పడంలో దిట్ట. పొద్దు వాలగానే గట్టెక్కి, మెడ చాచి మొదలుపెట్టేది. కథ చెబుతుంటే వినేవాళ్ళు ఊ కొట్టాలి కదా. తేలు "ఊ" అనేది. తూనీగ సన్నగా "ఊ" అనేది. తొండ మాత్రం ఊ అనేది కాదు. "ఇది నాకు తెలుసు, చివరికి నక్క బావిలో పడుతుంది" అని దిబ్బంతా వినబడేలా చెప్పేసేది.

ఓరోజు తాబేలు తాతకి ఒళ్ళు మండింది. "ఈ తొండ ఉన్నచోట నేను కథ చెప్పను. చెబితే నా పేరు తాబేలే కాదు" అని బుడుంగుమని నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

తేలు తమ్ముణ్ణి చీవాట్లు పెట్టింది. తొండ ఏమందో తెలుసా? "తెలిసింది చెప్పడం కూడా తప్పేనా అక్కా?" అంది. ఇలాంటివాళ్ళు మీ తరగతిలోనూ ఉంటారు. పేర్లు నేను అడగనులెండి.

ఇలా ఉండగా తేలుకి పిల్లలు పుట్టాయి. బియ్యపు గింజల్లా తెల్లగా, మెత్తగా ఉన్నాయి. తేలు పిల్లలు పుట్టగానే అమ్మ వీపెక్కి కూర్చుంటాయి. ఇంకా నేల మీద కాలు పెట్టలేదు, నీళ్ళంటే తెలీదు. వాటిని చూసుకుని తేలుకి కడుపు నిండిపోయింది. తొండ కూడా మురిసిపోయి, "నేను మీ మావయ్యని" అని ఎంత గట్టిగా అరిచిందంటే, పిల్లలన్నీ ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నాయి.

ఆ వారంలోనే వచ్చింది ఆపద.

వాన ఎక్కడో కొండల్లో పడింది. దిబ్బ మీద మాత్రం ఎండ కాస్తూనే ఉంది. అందుకే ఎవరూ పసిగట్టలేదు. తూనీగే ముందు చూసింది. "అక్కా, నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి" అంది.

ఎర్రనీళ్ళంటే వరద.

చూస్తుండగానే దిబ్బ సగం మునిగింది. వెనకాలే మబ్బు కమ్ముకొచ్చి ఇక్కడా వాన దబదబా కొట్టింది. తూనీగ రెక్కలు తడిసి ఒంటికి అతుక్కుపోయాయి. ఎగరాలని చూసి బొక్కబోర్లా పడింది. తొండకీ తేలుకీ ఆ సుడుల్లో ఈదడం చేతకాదు. తేలుకి తన ప్రాణం మీద బెంగ లేదు. నీళ్ళు వీపుదాకా వస్తే పిల్లలు కొట్టుకుపోతాయి, అదీ దాని భయం.

"తమ్ముడూ, తాతని పిలువు" అంది తేలు.

"తాతకి నా మీద కోపం అక్కా. నేను పిలిస్తే రాడేమో."

"రాకపోతే అప్పుడు ఏడుద్దాం. అంత గొంతు ఎందుకిచ్చాడురా దేవుడు? పిలువు."

తొండ రాయెక్కి "తాతా" అని కేక పెట్టింది. ఆ కేకకి వరదలో కొట్టుకుపోతున్న కప్ప తల తిప్పి చూసింది. "అయ్యో పాపం, మీ ఇంటివాళ్ళు ఎవరూ రాలేదా?" అని పలకరించి తన దారిన తాను పోయింది.

తొండ మళ్ళీ కేక పెట్టింది. మళ్ళీ పెట్టింది. అప్పుడు నీళ్ళు చీల్చుకుని తాబేలు తాత చిప్ప పైకి తేలింది.

"ఎక్కండి, ఎక్కండి, ఆలస్యం చెయ్యకండి" అంది తాబేలు.

తేలు పిల్లల్ని మోసుకుంటూ ఎక్కింది. తేలు వీపెక్కితే తాతకి భయం వెయ్యలేదా అని అడుగుతారేమో. ఆ చిప్ప మీద కుడితే తేలు కొండి వంగుతుంది గానీ తాతకి ఏమవుతుంది? తూనీగ పాక్కుంటూ ఎక్కింది. తొండ తల వంచుకుని ఆఖర్న ఎక్కింది.

దిబ్బ వదలగానే తాబేలు ఒక మాట చెప్పింది. "పిల్లలూ, మీకు తెలియని సంగతి ఒకటుంది. నేను ముసలివాణ్ణి. నోరు ఆడుతున్నంతసేపే నా కాళ్ళు ఆడతాయి. నోరు ఆగిందా, నిద్ర ముంచుకొస్తుంది. కాళ్ళూ తలా లోపలికి పోతాయి. నేను రాయిలా అడుక్కి పోతాను. అందుకని అవతలి ఒడ్డు చేరేదాకా కథ చెబుతాను. మీరు ఊ కొట్టాలి. ఊ వినబడకపోతే నాకు మాట సాగదు."

"నేను కొడతాను తాతా" అంది తూనీగ. కానీ చలికి వణుకుతోంది. దాని ఊ వరద హోరులో కలిసిపోయింది. తేలు కొట్టబోయింది. అంతలో ఒక పిల్ల జారింది. దాన్ని పట్టుకునే కంగారులో ఊ మర్చిపోయింది. తాత కాళ్ళు అప్పుడే మెల్లబడుతున్నాయి.

"నేను కొడతాను" అంది తొండ.

"నువ్వా? నీకు ఊ కొట్టడం ఎప్పుడు వచ్చిందిరా?"

"తాతా, తప్పయిపోయింది. ఊ తప్ప ఇంకో మాట నా నోట్లోంచి వస్తే నన్ను ఇక్కడే నీళ్ళలోకి తోసెయ్యి. నా అక్క పిల్లల్ని ఒడ్డు చేర్చు."

తాబేలు మెడ చాచి మొదలుపెట్టింది. "అనగనగా ఒక కుమ్మరి."

"ఊ" అంది తొండ. దాని జన్మలో అదే మొదటి ఊ.

"వాననంతా ఒక్క కుండలో పట్టి ఎండాకాలానికి దాచుకుందామని ఆ కుమ్మరికి బుద్ధి పుట్టింది."

"ఊ."

"గాడిద మీద మట్టి తోలుకొచ్చాడు."

"ఊ."

"మట్టి దింపి, ఆ ఎద్దుని చెట్టుకి కట్టేశాడు."

తొండ నాలుక దురద పెట్టింది. ఎద్దు ఎక్కడిది తాతా, గాడిద కదా అని నోటి చివరిదాకా వచ్చింది. పిల్లల వంక చూసింది. అవి అమ్మని గట్టిగా కరుచుకుని ఉన్నాయి. తొండ ఆ మాటని గుటక వేసి మింగేసింది. "ఊ" అంది.

కథ సాగింది. సారె చక్రం ఎంత పెద్దదంటే తిప్పడానికి ఊరంతా కదిలొచ్చింది. ఊ. కుండ లేస్తోంది, లేస్తోంది, తాటిచెట్టు దాటింది. ఊ. కుండ అంచు దిద్దడానికి కుమ్మరి నిచ్చెన వేసుకున్నాడు. ఊ. తొండకి ఈ కథ తెలీదు. వింటుంటే ఒళ్ళు జలదరిస్తోంది. కథలో ఇంత మజా ఉంటుందని దానికి ఇన్నాళ్ళూ తెలీదు. పాపం, ఎలా తెలుస్తుంది, ఏ కథనీ నోరు మూసుకుని చివరిదాకా వినలేదాయె.

నడివాగుకి వచ్చారు. అక్కడ నీళ్ళు గిర్రున తిరుగుతున్నాయి. వేళ్ళతో సహా ఒక తుమ్మచెట్టు కొట్టుకొచ్చి వాళ్ళ పక్కనుంచే దూసుకుపోయింది. హోరు ఎంతగా ఉందంటే తేలు మాట తూనీగకి వినబడటం లేదు. తొండ ఊపిరంతా కూడగట్టి అరిచింది. "ఊ". తాత వింది. మళ్ళీ అరిచింది. "ఊ". గొంతు మండింది. మెడ కింద చర్మం కందిపోయింది. గొంతు బొంగురుపోయింది. అయినా అరిచింది. మెడ మీది మట్టిరంగు పోయి ఎర్రగా, పండు మిరపకాయలా అయిపోయింది.

"అప్పుడు మొదటి చినుకు కుండలో పడింది" అంది తాబేలు.

తొండ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"మొదటి చినుకు పడిందీ" అంది తాబేలు, కాస్త ఆగి.

తొండ మళ్ళీ నోరు తెరిచింది. ఏమీ లేదు. గొంతు పోయింది.

"వినడం లేదా?" తాత మాట అప్పటికే మగతగా ఉంది. ఒక కాలు ఆగింది. ఇంకో కాలు ఆగింది. మెడ చిప్పలోకి పోతోంది. చిప్ప ఒక పక్కకి ఒరిగింది. నీళ్ళు తేలు కాళ్ళని తాకాయి, మోకాళ్ళు దాటాయి. పిల్లలు కెవ్వుమన్నాయి. "తమ్ముడూ" అని తేలు ఒకే ఒక్క మాట అంది.

తొండకి ఏం చెయ్యాలో తోచలేదు. తోచకపోతే ఏం, తల ఉంది కదా. తల పైకెత్తి, గడ్డాన్ని తాబేటి చిప్పకేసి కొట్టింది. టక్.

చిప్ప లోపల తాత కళ్ళు విప్పింది. "ఎవరది?"

టక్. టక్.

"ఊ అంటున్నావా?"

టక్.

"అలా చెప్పు మరి. మొదటి చినుకు పడింది. ఆ వెంటనే రెండో చినుకు" అంటూ తాబేలు మెడ బయటికి చాచింది. కాళ్ళు మళ్ళీ ఆడాయి. చిప్ప నిలదొక్కుకుంది. తేలు కాళ్ళ దగ్గర నీళ్ళు కిందికి జారిపోయాయి.

ఇక తొండ ఆగలేదు. తల పైకి, టక్. తల పైకి, టక్. గడ్డం చిట్లింది. అయినా ఆగలేదు. తూనీగ పక్కన చేరి ఏడుస్తూ నవ్వుతూ "ఇంకొంచెం అన్నయ్యా, అదిగో ఒడ్డు, రెల్లు కనిపిస్తోంది" అని చెబుతూనే ఉంది. ఆ ఇంకొంచెం ఎంత దూరమో మోసేవాళ్ళకీ ఊ కొట్టేవాళ్ళకీ మాత్రమే తెలుసు.

ఒడ్డు తగిలింది. తేలు ముందు దిగింది. వీపు మీద పిల్లల్ని తడిమి తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా పోలేదు. తేలు అక్కడే ఇసుకలో కూలబడి భోరుమని ఏడ్చింది. అంత సంతోషం ఎప్పుడూ పడలేదు అది.

తాబేలు కూడా గట్టెక్కింది. "సెబాసురా మనవడా" అని తలా కాళ్ళూ లోపలికి ముడుచుకుని, అక్కడికక్కడే గుర్రు పెట్టింది.

తొండ మాత్రం పక్కనున్న రాయెక్కి వరద వైపే చూస్తోంది. తల ఊపుతూనే ఉంది. పైకీ కిందికీ, పైకీ కిందికీ.

"అన్నయ్యా, తాత నిద్రపోయాడు. ఇక చాల్లే" అంది తూనీగ.

తొండ ఆగలేదు.

"తమ్ముడూ, నా పిల్లలు ఒడ్డెక్కారు. చూడు" అంది తేలు.

తొండ చూసింది. కళ్ళనిండా చూసింది. కానీ తల ఆపలేదు. ఆ వాగులో ఇంకా ఎవరెవరు ఉన్నారో. ఎవరి ఇంటిపేరు ఏదైతే ఏం, వాళ్ళకీ పిల్లలు ఉంటారు కదా. వాళ్ళని మోసే ముసలితాతకి ఊ కావాలి కదా.

అప్పటినుంచే తొండకి నోట మాట లేదు. అప్పటినుంచే దాని మెడ అలా ఎర్రగా కందుతుంది. కంచె మీదో గోడ మీదో ఎక్కి మిమ్మల్నే చూస్తూ తల ఊపుతుంది. వెక్కిరిస్తోందనుకుని మీరు రాయి తీస్తారు. అది వెక్కిరింపు కాదర్రా. తాను ఊ కొట్టడం ఆపితే ఎక్కడో ఎవరి పిల్లలో మునిగిపోతారని దానికి ఇప్పటికీ భయం.