వాకిటి గడకి తగిలించిన కవచం

పక్క సర్దుకున్నావా? దుప్పటి కాళ్ళ మీదకి లాక్కో. సైకిలు నేర్చుకోమని కొనిపెట్టిన మోకాలి తొడుగులు తీసుకెళ్ళి దూడ కాళ్ళకి కట్టావట, మీ అమ్మ చెప్పింది. సరే, ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు కథ విను. మధ్యలో ప్రశ్నలు వేశావంటే ఆపేస్తాను, నా సంగతి నీకు తెలుసుగా.

అనగనగా ఒక కొండ. ఆ కొండ నడుం దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్ళో సుక్రి అని ఒక అమ్మాయి ఉండేది. సుక్రికి ఒక మోటారు సైకిలు ఉండేది. కింద సంత జరిగే ఊళ్ళో ఆసుపత్రి ఉంది. అక్కణ్ణుంచి మందుల పెట్టె తెచ్చి, కొండ పైనున్న పైగూడేనికి చేర్చడం ఆ పిల్ల పని. పైగూడేనికి రోడ్డు లేదు. ముందు గులకరాళ్ళ బాట, తర్వాత ఒక వాగు, ఆ తర్వాత ఎర్రమట్టి ఏటవాలు. వాన పడిందంటే ఆ మట్టి సబ్బుముక్కలా జారిపోతుంది.

అందుకని ఆసుపత్రి డాక్టరమ్మ సుక్రికి కవచం ఇప్పించింది. తలకి హెల్మెట్టు, రొమ్ముకీ వీపుకీ గట్టి పలకలున్న చొక్కా, మోచేతులకీ మోకాళ్ళకీ తొడుగులు, పొడుగు బూట్లు. "బండి విరిగితే బాగు చేయించుకుందాం. నువ్వు విరిగితే పైగూడేనికి మందు ఎవరు మోస్తారమ్మా? బయల్దేరినప్పుడల్లా అన్నీ వేసుకో" అంది. సుక్రి సరేనంది. వేసుకుంటే ఒళ్ళంతా ఉక్కపోసేది. అయినా వేసుకునేది.

ఇప్పుడు నీకు ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రతి ఇంటి వాకిట్లోనూ అడ్డంగా ఒక గడ కట్టి ఉంటుంది. దానికి తగిలించిన వస్తువు ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకెళ్ళొచ్చు. తాడో, కొడవలో, గొడుగో, ఏదైనా సరే. పనయ్యాక తెచ్చి మళ్ళీ తగిలించాలి, అంతే. అడిగితేనే నొచ్చుకుంటారు, పరాయివాళ్ళని చేసినట్టు. సుక్రి ఏం చేసిందీ, బురద కడిగి, ఆరడానికి తన కవచాన్ని కూడా ఆ గడకే తగిలించింది.

అప్పుడు సోమెలమ్మత్త వచ్చింది. ఆవిడకి ఇల్లు అలుక్కునే పని ఉంది, నేల మీద మోకాళ్ళు ఆనిస్తే నొప్పి. మోకాలి తొడుగులు చూసి, ఇవేవో బాగున్నాయే అని పట్టుకుపోయింది.

ఆ తర్వాత బొంజుబాబు మామ వచ్చాడు. ఆయన జీలుగు చెట్లెక్కి కల్లు దించే మనిషి. ఎక్కీ దిగీ రొమ్మంతా గీరుకుపోయింది. పలకల చొక్కా తొడుక్కుని, అటూ ఇటూ తిరిగి చూసుకుని, దర్జాగా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత గుండన్న తాత వచ్చాడు. ఆయన మడిలో దిగితే జలగలు వదలవు. బూట్లు పెద్దవయ్యాయి. అయితేనేం, లోపల గడ్డి కుక్కుకుని టపటపలాడించుకుంటూ పోయాడు.

సుక్రి అంతా చూస్తూనే ఉంది. వద్దనడానికి నోరు రాలేదు. సాయంత్రానికి తెచ్చేస్తారులే అనుకుంది. సాయంత్రం రానే వచ్చింది. అత్తకి ఇంకో గది మిగిలిపోయింది, మామకి ఇంకో చెట్టు, తాతకి ఇంకో మడి. సుక్రి వెళ్ళి అడగలేదు. మొహమాటం, ఇంకేముంది.

తెల్లారేసరికి ఫోను వచ్చింది. పైగూడెంలో పిల్లలకి చలిజ్వరాలు, మందు వెంటనే కావాలన్నారు. సుక్రి కిందకి వెళ్ళి మందుల పెట్టె తెచ్చింది. ఈలోగా తెచ్చి తగిలించి ఉంటారేమో అని గడ వైపు చూస్తే హెల్మెట్టూ, మోచేతి తొడుగులూ, అంతే ఉన్నాయి. తాత మడిలో ఉన్నాడు, మామ చెట్టు మీదున్నాడు, అత్త ఎవరింటికో వెళ్ళింది. పిల్లలు జ్వరంతో మూలుగుతుంటే ఎంతసేపు ఆగుతుంది? ఉన్నవి వేసుకుని, కాళ్ళకి చెప్పులు తొడుక్కుని బయల్దేరింది.

గులకరాళ్ళ బాట దాటింది. ఫర్వాలేదు. వాగు దాటుతుంటే రాయి ఒకటి దొర్లి పాదానికి కొట్టుకుంది. బూటు లేదాయె, గోరు లేచిపోయింది. పళ్ళు బిగబట్టి అలాగే నడిపింది. అప్పుడు ఏటవాలు వచ్చింది. ముందురోజు వాన పడిందేమో, వెనక చక్రం సర్రున జారింది. బండి ఒక పక్కకి, సుక్రి ఒక పక్కకి. మోకాలు రాతికి తగిలి చీరుకుపోయింది. హ్యాండిలు వచ్చి రొమ్ముకి గుద్దుకుంది. తల పెద్ద బండకి కొట్టుకుంది.

పడుకో, లేవకు. చెబుతున్నానుగా.

తలకి ఏమీ కాలేదు, హెల్మెట్టు పగిలింది. మోచేతులకి ఏమీ కాలేదు, తొడుగులు గీసుకుపోయాయి. మందుల పెట్టె బాగానే ఉంది. మిగిలినవే బాగాలేవు. లేద్దామంటే ఊపిరి తీసుకోవడమే కష్టమైపోయింది. కాసేపటికి పైగూడెం వాళ్ళు వెతుక్కుంటూ వచ్చి, పిల్లని డోలీలో మోసుకెళ్ళారు. పెట్టెలో మందు పిల్లలకి అందింది. జ్వరాలు తగ్గాయి.

సుక్రికి మాత్రం పక్కటెముక చిట్లింది. వానలు వెళ్ళేదాకా బండెక్కొద్దంది డాక్టరమ్మ. పైగూడెం పిల్లలకి ఇంకో విడత మందు వెయ్యాలి. మరి ఎవరు మోస్తారు? అత్తా, మామా, తాతా నడిచి వెళ్ళారు. పొద్దున బయల్దేరితే చీకటి పడ్డాక తిరిగొచ్చారు. దారిలో జారుడూ చూశారు, ఆ బండరాయీ చూశారు.

సుక్రి పగిలిన హెల్మెట్టు తెచ్చి గడకి తగిలించింది, అంతే. అత్త దాన్ని చేతిలోకి తీసుకుని పగులులో వేలు పెట్టి చూసింది. వేలు లోపలికి వెళ్ళింది. "ఇది కూడా ఎవరో ఒకళ్ళం పట్టుకుపోయి ఉంటేనో" అంది. అని ఏడ్చేసింది.

వానలు వెళ్ళాయి, ఎముక అతుక్కుంది. డాక్టరమ్మ కొత్త హెల్మెట్టు పంపింది. సుక్రి మళ్ళీ బయల్దేరే రోజు వచ్చింది. పిలవకుండానే ముగ్గురూ వాకిట్లోకి వచ్చారు. అత్త కింద కూర్చుని మోకాలి తొడుగులు కట్టింది. తాత బూట్లు తొడిగి పట్టీలు లాగాడు. మామ పలకల చొక్కా బిగించాడు.

"మామా, మరీ బిగించావు, ఊపిరాడటం లేదు" అంది సుక్రి.

"మాట్లాడుతున్నావుగా, ఆడుతోందిలే" అన్నాడు మామ. అని కొంచెం వదులు చేశాడు.

గడ పద్ధతి ఆ ఊళ్ళో ఇప్పటికీ ఉంది. తాళ్ళూ, కొడవళ్ళూ, గొడుగులూ అలాగే తిరుగుతుంటాయి. సుక్రి కవచం కూడా అక్కడే ఆరుతుంది, ఎవరూ ముట్టుకోరు. సుక్రి బయల్దేరేటప్పుడు మాత్రం ఆ ముగ్గురూ వస్తారు. ఎవరు పట్టుకెళ్ళింది వాళ్ళే కడతారు. వాళ్ళు కట్టేదాకా బండి కదలదు.

నీ సంగతి కూడా అంతే. దూడకి కట్టింది నువ్వు కాబట్టి పొద్దున్నే విప్పి తెచ్చేది నువ్వే. నీకు కట్టేది మాత్రం నేను. ఇక కళ్ళు మూసుకో.

కథ వెళ్ళె కంచికి,
బండి చేరె కొండకి,
బొప్పి లేదు తలకి,
మనం పోదాం నిద్రకి.